ముందు పోయిన బండి

ఓబులేసని ఉండె లే, బేతంచెర్ల దిక్కు నాపబండలు కోసేటోడు. మనిషి మంచోడే, నోరే చెడ్డది. వాళ్ళమ్మ దినాలప్పుడు అక్క సుంకులమ్మతో మాటామాటా పెరిగి, "నీ గడప తొక్కితే ఒట్టు" అని వచ్చేసినాడంట. ఆ మాట మిందనే ఆరేండ్లు ఉండిపాయ. ఇంగ ఏమైందంటే, బావ పోయినాడని సంతలో ఎవురో చెప్తే తెలిసింది, అదీ నెల దాటినాక. అక్కేమో పిల్లాజెల్లా లేని మనిషి, నల్లమల అంచున ఒక్కతే ఉండాది. ఆ పూట ఓబులేసు అన్నం ముట్టలేదంట. తెల్లారి పాత మోటరుసైకిలు బండి తీసి ఒక్కడే బయల్దేరినాడు. దోవ గూడా సరిగా లేని అడివి అనుకో.

సగం దూరం పోయినాడో లేదో, వెనక చక్రం గాలి పాయ. తోసుకుంటా తోసుకుంటా పోతే, రేకుల కొట్టంలో పంచర్లేసే ముసిలాయన ఉండాడు. చూడంగానే, "ఏమప్పా, మల్లా వచ్చినావు? పొద్దున ఏసిన అతుకు నిలబడలేదా?" అన్యాడంట. నేనా, నేనీ పక్కకొచ్చి ఆరేండ్లాయ అన్యాడు ఓబులేసు. "నువ్వే, ఈ బండే" అంటా ముసిలాయన ట్యూబు బయటికి లాగినాడు. చూస్తే యాడా అతుకు లేదు! ఏళ్ళతో తడివి తడివి చూసినాడంట ఆయన. పంచరేసి, లోపలికి పోయి తడికేసుకున్యాడు.

ఇంగ కొంచిం దూరం పోతానే క్లచ్చు వైరు తెగె. మిట్టమద్యానం. ఆకు కదల్దు, పిట్ట పలకదు. దోవకడ్డంగా గొర్లు, వాటెనక మేపే ఆయమ్మ. ఈయన ఊరికే ఉంటాడా, నోరు పారేసుకున్యాడు. ఆయమ్మ బిత్తరపోయి, "ఇదేందన్నా, ఇందాక పొయ్యేటప్పుడు అమ్మా తల్లీ అని ఎంత తియ్యగా మాట్లాడితివి! సుంకులమ్మ ఇల్లు యాడని అడిగితివి. ఇంట్లో ఎవురెవురుంటారంటివి. ఒక్కతే ఉంటాదని చెప్తిని గదా" అనె. విన్నారా? సొంత అక్క ఇల్లు ఎవురైనా అడుగుతారా? ఓబులేసు ఇంగ ఆడ నిలబడలా. బండిని నూకి, ఉరుకుతా ఎక్కినాడు. ఆపితే మల్లా కదల్దు, అందుకని గుంతలు గూడా చూల్లేదు. ముందర దుమ్ము లేస్తాంది. బండి శబ్దం వినపడతాంది. తన బండి శబ్దమే, వదులైన సైలెన్సరు డబడబ కొట్టుకుంటాదే, అది గూడా అట్లనే. ఈయన జోరు పెంచితే అదీ పెంచె. మలుపు తిరిగితే దుమ్మే, మనిషి లేడు.

పొద్దు గుంకకముందే చేరినాడు. తలుపు మూసుండాది. "అక్కా" అన్యాడు మెల్లగా. అక్కా, నేను, ఓబులేసుని అంటే, లోపల్నించి అక్క గొంతు: "పో సామీ, పో. ఇందాకే చెప్తిని గదా." ఇంగ ఆగలా ఈయన. "ఏమ్మే, మొగుడు పోతే కబురు గూడా పెట్టవా? నేను చచ్చినాననుకుంటివా? తీయే తలుపు, నీ గడపకు నిప్పెట్టా!" అని అరిచినాడు, అరుస్తానే ఏడ్చినాడంట. అప్పుడు గడియ తీసె అక్క, చేతిలో కొడవలితో. తమ్ముణ్ణి పట్టుకోని చెప్పె: "ఇందాక వచ్చింది నీ మాదిరే ఉండెరా. నీ గొంతే. అక్కా, నాదే తప్పు, తలుపు తీయమ్మా అనె. గడియ మింద చెయ్యి గూడా పెట్టినా. మా ఓబులేసు ఆరేండ్లకి వచ్చి అంత తియ్యగా మాట్లాడతాడా అనిపించె. చెయ్యి తీసేసినా."

వాకిట్లో చూస్తే ఓబులేసు బండి జాడ ఒక్కటే ఉండె. అదెవురు, యాడికి పాయ అని నన్నడగద్దండి, నాకేం ఎరుక. అక్కను మాత్రం ఆడ ఉంచలా ఆయప్ప, బేతంచెర్లకు తెచ్చుకున్యాడు. దినామూ కొట్లాటే, వీధి వీధంతా వినపడతాది. ఏందమ్మా ఈ గోల అని పక్కింటోళ్ళంటే, "అరవనీ. వాడు అరిస్తేనే నాకు నిద్ర పడతాది" అంటాదంట సుంకులమ్మ.