పంతొమ్మిదో గిడుగు

దొర బంగళా ఎనకాల మిట్టమీద ఒక సింతసెట్టుంది సూడండి, కాయలు రాలి మట్టిలో కలిసిపోతన్నా ఎవులూ ఏరుకోరు, ఆ సెట్టు గురించే సెప్తన్నాను. మేకలోళ్ళు కూడా దాన్ని సుట్టు తిరిగే ఎల్తారు. రాయి పాతాల్సొస్తే తప్ప ఊరోళ్ళం అటు మొకం పెట్టం, పెట్టినా పదిమందిమి కలిసి ఎల్తాం, పొద్దుండగానే వొచ్చీస్తాం. ఎందుకని అడగరేటి? అడక్కపోతే నాను మాత్రం ఎందుకు సెప్తాను? ఆ పొయ్యిలో ఇంకో రెండు పుల్లలెట్టండర్రా ముందు, సలేస్తంది.

మన దూలగుమ్మిలో ఎవులు పోనా ఆ సెట్టుకింద ఆళ్ళ పేర రాయి నిలబెడతాం కదా. నిలబెట్టీసి ఊరుకోం. అటెల్లినప్పుడల్లా ఆ రాయికాడ ఆగి, తిరిగొచ్చీటప్పుడు ఒక మాట సెప్పాల. "నాను ఎల్తన్నాను, నువ్విక్కడే ఉండు" అనాల. ఏడుస్తా అన్నా పర్లేదు, తిడతా అన్నా పర్లేదు, అనడం మాత్రం అనాల. అనకపోతే ఆళ్ళకెలా తెలుస్తాది పాపం, ఉండాలో, కూడా రావాలో?

సుక్రి ఆ మాట అననేదు. ఎవులా సుక్రి అంటే, దొర బంగళాని మ్యూజియం సేసినప్పుడు సూడ్డానికొచ్చీవోళ్ళకి అన్నీ తిప్పి సూపించడానికి మనూరి మనిసినే పెట్టారు, ఆ మనిసి. మాటకారి. విల్లులూ, బాణాలూ, పాతకాలం తిరగళ్ళూ, దొర కూకున్న కుర్సీ, అన్నీ ఏదో తన సొంత సామానైనట్టు సూపించీది. ఆవిడ మొగుడు గాసి తేనె కొట్టీవోడు. కొండ సరియలోకి తాడేసుకుని దిగీవోడు, ఒక ఏడు దిగినోడు మరి పైకి రానేదు, తాడొక్కటే పైనుండిపోనాది. ఆ తాడుని కూడా మ్యూజియంలో అద్దాలబీరువాలో పెట్టారు. అంటే సూడండి, సుక్రి రోజూ మొగుడి తాడు ముందు నిలబడి, తేనె ఎలా కొడతారో ఊరుగాని ఊరోళ్ళకి సెప్పాల. ఎంత కట్టమో ఆలోసించండి.

సెట్టుకింద రాళ్ళు కూడా సూపించాలన్నారు పైవోళ్ళు. రోజూ జనాన్ని తీసుకుని అటెల్లీది. అందరి రాళ్ళకీ సెప్పీది ఆ మాట, గాసి రాయికాడికి వొచ్చీసరికి నోరు మూసుకుని దాటీసీది. కట్టుకున్నోడిని "నువ్విక్కడే ఉండు" అనడానికి నోరెలా వస్తాది? అత్త అడిగీది, సెప్పేవా అమ్మా, అని. సెప్పేను అత్తా, అనీది. అబద్దం. ఆర్నెల్లు అలాగే గడిపీసింది.

అప్పుడో ఆదివారం, మజ్జానం. వాన అలాగిలాగ కాదు, మబ్బు కిందికి దిగిపోయి సెట్లమద్ద తిరుగుతంది. కిందనుంచి పద్దెనిమిదిమంది వొచ్చారు, అందరూ బళ్ళల్లో పాటాలు సెప్పీవోళ్ళు. గొడుగులు నేవు. దానికేటిలే అనీసి సుక్రి మ్యూజియంలో ఉన్న గిడుగులు తీసి అందరి తలలమీదా పెట్టింది. గిడుగంటే ఎరగరేటి మీరు, ఎదురుబద్దలకి అడ్డాకులు కుట్టి నెత్తినెట్టుకుంటామే, అది. పెట్టుకుంటే మనిసి మొకం కనపడదు. ఆళ్ళకి సరదాగున్నాది. బడి నేదని సుక్రి కూతురు జమున కూడా వొచ్చింది, తొమ్మిదేళ్ళ పిల్ల, దాని గిడుగు సిన్నది, అంచుకి ఎర్రదారం. పద్దెనిమిదీ, పిల్లతో పంతొమ్మిదీ, లెక్కెట్టుకుని బయల్దేరింది.

రాళ్ళు సూపించింది. ఇంతలోకి వాన మరీ ఎక్కువైపోనాది, ఉరుములు, పక్కనున్న మనిసి కనపడ్డం నేదు. అప్పుడు కంగారులో, ఆ రాళ్ళ మద్ద నిలబడి, గొంతెత్తి అరిసింది కదా, "అందరూ వొచ్చీయండి, ఎవులూ ఇక్కడ ఉండిపోవద్దు, రండి రండి" అని! ఓలమ్మో, ఆ సోట అనాల్సిన మాటేనేటది? పరదేసోళ్ళంటే తెలీదు, మనూరిదానికి తెలీదా? జనం పరిగెట్టారు. బంగళా మెట్లకాడ నిలబడి గిడుగులు లెక్కెట్టింది. పంతొమ్మిది. అమ్మయ్య అనుకుని తలుపు తీసింది.

అందరూ వసారాలో గిడుగులు తీసి మేకులకి తగిలించి లోపలికెల్లారు. కరెంటు పోనాది. జమునా, ఆ కిటికీ తియ్యే, అంది. పలుకు నేదు. జమునా! నేదు. లోపలున్న మొకాలన్నీ ఒక్కొక్కటీ సూసుకుంటా ఎల్లింది, పద్దెనిమిదీ ఉన్నాయి, పిల్ల నేదు. వసారాలోకొచ్చి మేకులు సూసింది, పద్దెనిమిది గిడుగులే ఉన్నాయి. మరి పంతొమ్మిదోది నెత్తినుంచి తియ్యనోళ్ళెవులు? సుక్రి గదులన్నీ ఎతుక్కుంటా మల్లా లోపలికెల్లింది.

సివరి గదిలో తేనెతాడు బీరువా ముందు ఒక మనిసి నిలబడున్నాడు. నెత్తిన సిన్న గిడుగు, ఎర్రదారం అంచుది, పిల్లది. పెద్దోడి తలమీద అది ఇంతే ఉన్నాది. ఈపు ఇటే. ఒక కాలిమీద బరువేసి నిలబడ్డం, బుజం కొంచెం వొంచడం, సుక్రికి మొకం సూడక్కర్నేదు. గదంతా తేనెపట్టుకి పెట్టిన పొగ వాసన.

తిరగనేదు ఆడు. ఆకలేస్తంది, ఇంటికెల్దాం, అన్నాడు.

సుక్రికి ఏడుపొచ్చీసింది. బయం కాదు, ఇన్నాళ్ళకి ఆ గొంతు ఇన్నాది కదా. ఎల్దాం అనడానికి నోరు తెరిసింది కూడాను. తెరిసి, పిల్లేదీ, అని అడిగింది.

ఆడు మామూలుగానే సెప్పినాడు. "అక్కడే ఉంటాది. నాను ఎల్తన్నాను, నువ్విక్కడే ఉండు అని సెప్పీసే వొచ్చాను."

ఇన్నారా? సచ్చినోళ్ళకి సెప్పాల్సిన మాట బతికున్న పిల్లకి సెప్పీసొచ్చాడు. బతికున్నోళ్ళకి ఆ మాట సెప్తే ఆళ్ళు అక్కడే రాయైపోతారు. సెడ్డబుద్దితో కాదర్రా, ఆడికి పిల్లంటే పేణం. సెట్టుకింద ఒక్కలు ఉండాలనే ఆడికి తెలుసు, ఆ ఒక్కలు తానేనని ఎవులూ ఆడికి సెప్పనేదు.

బయట వాన దంచుతంది. ఒక్కొక్క నిముసానికీ పిల్ల రాయైపోతంటాదని సుక్రికి తెలుసు. ఆడి ఈపునే సూస్తా నిలబడి, రెండు సేతులూ జోడించి, గాసీ, నాను ఎల్తన్నాను, అంది. మల్లా అంది. "నాను ఎల్తన్నాను గాసీ. నువ్వక్కడే ఉండు. మరి రాకు."

ముందే సెప్పొచ్చు కదే, అన్నాడు ఆడు. గిడుగు నేలమీద పడింది, దొర్లింది. మనిసి నేడు.

పరిగెట్టింది. పిల్ల తండ్రి రాయికి ఆనుకుని కూకునుంది, కళ్ళు తెరిసే ఉన్నాయి, రెప్ప ఎయ్యదు, ఒళ్ళు సల్లగా అయిపోనాది. సుక్రి దాన్ని రొమ్ముకేసి అదిమి, రాయే, నాతో రాయే, ఇంటికి రాయే, అని ఎన్నిసార్లు పిలిసిందో. ఎప్పటికో పిల్ల దగ్గింది. దగ్గి, అమ్మ మొకం సూసి మొదట అన్న మాటేటో తెలుసా? నాన్న ఎల్లిపోనాడా, నువ్వే పొమ్మన్నావా, అంది.

అవును, నానే పొమ్మన్నాను, అంది సుక్రి. ఆ ఒక్క రోజు అబద్దం ఆడనేదు.

ఆ పిల్లకిప్పుడు పదిహేనేళ్ళు. తిండి తింటాది, సదువుకుంటాది, అందరితోటీ నవ్వుతాది. తల్లితో మాత్రం ఆయేల్టినుంచి ఒక్క మాట నేదు. సుక్రి కంచంలో అన్నమెట్టి పక్కన కూకుంటాది, పిల్ల తినీసి ఎల్లిపోతాది. అలా అయినా కళ్ళముందు తిరుగుతంది, అది సాలు, అంటాది సుక్రి.

కాబట్టి మ్యూజియం సూడ్డానికి ఎల్లండి, బాగుంటాది, కుర్సీ సూడండి, విల్లులు సూడండి. ఆ సెట్టు దగ్గరకి ఎల్లకండి. ఒలే నూకాలూ, తలొంచుకుంటే నాకు కనపడవనుకున్నావేటి? నీ మొగుడి రాయి పాతి ఇంకా తొమ్మిది రోజులు కానేదు, రోజూ మజ్జానం కట్టెలకని ఎటెల్తన్నావో ఊరందరికీ తెలుసు. పిల్లోడిని సంకనేసుకుని మరీ ఎల్తన్నావు. రేపటినుంచి ఎల్లకు.