తెల్లరంగు కింద మూడు చెక్కలు

హలో… ఆ, నేనేనండీ బావగారూ. మీ తమ్ముడు కాదు, మరదల్ని. … ఆయన ఫోనే. బోటులో వదిలేసి వెళ్ళారు, మోగుతుంటే నేనెత్తాను.

లేరు. మరలు కొనడానికి బజారుకెళ్ళారు. … వచ్చేస్తారు, గంట పడుతుందేమో.

నాకు చెప్పండి. … పర్లేదు, చెప్పండి. అర్థం కాకపోతే మళ్ళీ అడుగుతాను. మీకు విసుగొచ్చేదాకా అడుగుతాను.

కొనేవాళ్ళు నాలుగింటికే వస్తున్నారా? … ఎవరెవరు, టీచరమ్మ, వాళ్ళాయన… పాప కూడానా. మంచిది. రానివ్వండి.

మేజా మీద పూలు… సరే. … పళ్ళు కూడానా? అవేనా, ఫొటోలు తీసినప్పుడు మీరు తెచ్చిన ప్లాస్టిక్ యాపిల్ పళ్ళు? … ఉన్నాయండీ. ఒకదాన్ని మా చంటిది కొరికేసింది. నాలుగు పళ్ళ గాట్లు చక్కగా పడ్డాయి. … ఏం చెయ్యమంటారు? గాట్లున్న వైపు గోడకి తిప్పి పెట్టాలా? … సరే. నాకు తట్టలేదు చూశారా. మీకైతే ఇట్టే తట్టింది.

ఏం లేదు. ఊరికే అన్నాను.

—చంటీ! నోట్లో ఏంటది? ఉమ్ము. ఉమ్మమ్మా, నా తల్లివి కదూ… ఒక్క నిమిషం బావగారూ… మేకు కాదు. బిస్కెట్టు ముక్క. నా ప్రాణం ఎగిరిపోయింది.

చెప్పండి. … కట్టాను. నడుముకి తాడు కట్టి, కొస మేజా కాలికి వేశాను. దిమ్మల మీద నిలబెట్టిన బోటు కదండీ, అంచు దాటితే కింద ఎనిమిది అడుగులు. … మీకు నవ్వుగానే ఉంటుంది. ఎత్తుకుని నిచ్చెన ఎక్కేదాన్ని నేను.

ఎంత చెప్పారు వాళ్ళకి? … ఇరవై ఎనిమిది లక్షలా!

ఎలా కట్టారు ఆ ధర? … ఎవరిదో అమ్ముడుపోయిన బోటు చూసి. ఆ. … అది ఇనుపది కదండీ? కట్టి పదేళ్ళు కూడా కాలేదు. ఇది చెక్కది, నాకన్నా వయసులో పెద్దది. … పొడుగు ఒకటేనా? ఓహో. గుడ్డ చింపినట్టు, మీటరుకింత అని కట్టారన్నమాట.

అబ్బే, మిమ్మల్ని తప్పుపట్టేంతదాన్నా. మీరు పెద్దవారు, పది బోట్లు అమ్మినవారు. నేర్చుకుందామని అడుగుతున్నాను.

ఇంకోటి కూడా అడగనా? ప్రకటనలో 'రాజుగారు వాడిన యాట్' అని వేశారు. ఏ రాజుగారండీ? … దీన్ని వాడింది సిమెంటు వ్యాపారి కదా. ఆయన కూడా రెండే రెండుసార్లు ఎక్కి, రెండుసార్లూ వాంతులు చేసుకుని మానేశాడు. … రాజులాగే బతికాడా? సరిపోయింది. అలాగైతే పద్నాలుగు నెలలుగా దీని నేల తుడుస్తున్నాను, నన్ను రాణిగారని వెయ్యండి.

కోపమెందుకండీ?

ఆ, మెరుస్తోంది. మెరవదా మరి? మేం కొన్నప్పుడు లోపల పావురాలు కాపురముండేవి. గరుకు కాగితంతో గీకి గీకి నా వేళ్ళ ముద్రలు అరిగిపోయాయి. వార్నిష్ ఏడు పూతలు. దిళ్ళు పదహారు, అన్నీ నేనే కుట్టాను. రెండు ఇంజన్లూ ఏ ముక్కకా ముక్క విప్పి కడిగారు మీ తమ్ముడు. మా చంటిది నడక నేర్చుకున్నది ఈ బోటు గోడ పట్టుకునే. … మీరేం చేశారంటారా? అయ్యో, అనలేదే. మీరు యాపిల్ పళ్ళు తెచ్చారు.

ఇంజన్ గదా? … తెల్లగా ఉంది. మల్లెపువ్వులా ఉంది. మీరు వేయించిన రంగేగా.

ఎందుకు గుర్తుండదు? చంటిదానికి జ్వరమొచ్చి మేం మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నప్పుడు. … అవునవును. మీరెంత సాయం చేశారో ఆయన ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ గదిలో మూడు పక్కచెక్కలు కుళ్ళాయని ఆయన నీలం సుద్దతో గుర్తు పెట్టి వెళ్ళారా… మేం తిరిగొచ్చేసరికి మీరు మీ మనుషుల్ని పెట్టి మూడూ పీకించి, కొత్తవి వేయించి, పైన తెల్లరంగు కూడా కొట్టించేశారు.

…

కొట్టించారు కదండీ?

…

హలో? … ఉన్నారా? గొంతు ఒక్కసారే సన్నబడింది. సిగ్నల్ లేదా?

పక్కచెక్కలంటే, బోటుకి పక్కటెముకలు. పైనున్న పలకలన్నీ వాటినే పట్టుకుని ఉంటాయి. … మీకు తెలుసనుకోండి. ఎప్పుడూ తెల్లబూట్లేసుకొస్తారు, ఆ గదిలోకి దిగరు కదా, అందుకని చెప్పాను.

మొన్న చంటిదాని చేతికి ఆయన చిన్న సుత్తి దొరికింది. వాళ్ళ నాన్నని చూసి నేర్చుకుంది లెండి, గోడ పొడుగునా కొట్టుకుంటూ పోవడం. నేను వెనకాలే ఉన్నాను, ఎక్కడ వేలు నలగ్గొట్టుకుంటుందో అని. టక్, టక్, టక్ అని పోయి పోయి… ఒకచోట డబ్ మంది. మెత్తగా. పిల్ల కూడా ఆగి నా మొహంలోకి చూసింది.

నేను కొట్టాను. డబ్. పక్కది కొట్టాను. అదీ అంతే. మూడోది కూడా.

గీకాను. … ఆ, నేనే. మీరు డబ్బులు పోసి వేయించిన రంగు నేనే గీకేశాను. కింద లప్పం. గోడకి పెట్టే లప్పమండీ, నా అరచేతి మందాన. దాని వెనక చెక్క… చెంచా పెట్టి తోడితే కాఫీ పొడిలా రాలింది. తడి కాఫీ పొడి.

తెలియదా? మీ పెయింటరు చేశాడా? పాపం.

అయితే ఇది కూడా వినండి. లప్పం కింద ఆయన పెట్టిన నీలం సుద్ద గీత అలాగే ఉంది. దాని మీదే మెత్తేశారు. మోసం చేసేవాడు ఆ గీతైనా తుడిచి చెయ్యడా బావగారూ? అందులో కూడా బద్ధకమేనా?

అరవకండి. చంటిది బెదురుతుంది. … నేను మర్యాదగానే మాట్లాడుతున్నాను. మీరు, అండీ, బావగారూ… ఏది తగ్గించాను?

తేలుతుందా? … తేలుతుంది, నేను కాదన్నానా? ఎంతసేపు? … 'నెమ్మదిగా నడిపితే ఏం కాదు'. బాగుంది. ప్రకటనలో రాజుగారి పక్కన ఈ ముక్క కూడా వేయించండి.

ఎవరికీ తెలియదంటారా. … శనివారం దీన్ని నీళ్ళలోకి దింపుతారు. ఆదివారం పొద్దున్నే ముగ్గురూ బయల్దేరతారు. రెండు రోజుల దూరం. మీరే చెప్పారు కదా, సెలవులకి వెళ్తున్నారని. ఆ పాపకి ఆరేళ్ళండీ. పోయినసారి వచ్చినప్పుడు, ఇంజన్ గది పైన చిన్న మంచం ఉందే, అది నాదీ అని ఎగిరి కూర్చుంది. నేను కుట్టిన దిండు ఒళ్ళో పెట్టుకుని. … ఆ దిండు కుట్టిన చెయ్యి ఇది. నేనేం చెయ్యను, తల తిప్పేసుకోనా?

వాళ్ళ పిల్ల వాళ్ళిష్టమా?

…

మీ నోటితో ఆ మాట ఇంకోసారి అనండి. … అనరులెండి. ఇందాక అన్నది చాలు.

సంతకమా? ఆ, అక్కడికే వస్తున్నాను. 'మూడు పక్కచెక్కలూ తీసి కొత్తవి వేశాను' అని కొనేవాళ్ళకిచ్చే కాగితం మీద ఉన్నది మీ సంతకం కాదు కదా. మీ తమ్ముడిది. మీరు చెప్పారు, ఆయన పెట్టారు. ఆయన సంగతి మీకు తెలియనిదా? కలప డిపోలో ప్రతి దుంగకీ చెవి ఆనించి కొట్టి చూస్తారు. పుచ్చకాయ కొట్టి చూస్తారు. అత్తమ్మగారు పెళ్ళికి కొనిచ్చిన మంచం కూడా కొట్టి చూశారు, ఆవిడ ముందే! మీరు వేయించాననగానే మాత్రం కొట్టలేదు. ఒక్కసారి చూడకూడదా అన్నాను. అన్నయ్య చేయించిన పని మీద సుత్తి వెయ్యడం ఏం మర్యాద అన్నారు.

అంత నమ్మకం బావగారూ. దాన్ని కూడా లప్పం చేసి పూసేశారు.

లేదు, ఇంకా చెప్పలేదు. ఎలా చెప్పను? అన్నయ్య అబద్ధమాడాడంటే చెవి బాగాలేదేమోనని డాక్టరు దగ్గరికెళ్తారు. గీకిన చోట గోనెపట్టా వేలాడదీశాను, ఆయన కంట పడకుండా.

…

తొమ్మిదో క్లాసా? కాదండీ. తొమ్మిది కూడా పూర్తి కాలేదు, సగంలో మాన్పించారు. మీరు తప్పు చెప్తే ఎలా, ధర చెప్పినట్టే ఇది కూడా పెంచి చెప్తున్నారు. … అవును, నాకు ఇంగ్లీషు ప్రకటన రాయడం రాదు. ఏది కుళ్ళిందో తెలుస్తుంది. మీ గొంతులో కూడా తెలుస్తోంది.

బెదిరిస్తున్నారా? … ఏమని చెప్తారు ఆయనతో? నోరెక్కువైందనా? చెప్పండి. పెళ్ళైన వారానికే తెలిసింది ఆయనకి.

ధర నేను చెప్తాను, రాసుకోండి. ఉన్నది ఉన్నట్టు, కుళ్ళు చూపించి, పద్దెనిమిది. రెండు నెలలు ఆగుతామంటే, మూడు చెక్కలూ కొత్తవి వేసి, నీళ్ళలో తిప్పి చూపించి, ఇరవై నాలుగు. … పదిలక్షలు పోతాయా? ఎవరివి పోతాయి? మీ జేబులోకి ఇంకా రాని డబ్బు పోవడమేంటండీ. … మాకూ కావాలి. మీకన్నా ఎక్కువే కావాలి. పద్నాలుగు నెలల కష్టం మాది. అయినా చెప్తున్నాను కదా. దాన్నిబట్టి తెలుసుకోండి.

ఉండండి… నిచ్చెన చప్పుడు.

—వచ్చేశారా? ఇంత తొందరగా… దొరికాయా మరలు? … చంటిది బానే ఉంది, బిస్కెట్టు తిన్నది. … మీ అన్నయ్య. ఆ, ఫోన్లో.

ఆగండి బావగారూ. ఇస్తాను. ఇవ్వనని ఎవరన్నారు? ముందు చిన్న పనుంది.

—ఏవండీ. ఆ సుత్తి తీసుకుని ఒక్కసారి ఇంజన్ గదిలోకి దిగండి. … గోనెపట్టా తియ్యకండి. దాని పక్కన, తెల్లగా ఉన్న చోటే కొట్టండి. … తెలుసు. అన్నయ్య వేయించిందే. అందుకే కొట్టమంటున్నాను. … మర్యాద సంగతి తర్వాత చూద్దాం. నా మీద ఒట్టు… పోనీ చంటిదాని కోసం. ఒక్క దెబ్బ.

…

బావగారూ, దిగారు.

…

కొట్టారు. … విన్నారా? ఫోన్లో వినబడిందా? నాకైతే ఇక్కడికి వినబడింది.

నేనేం నేర్పలేదు. కుళ్ళు మాటే ఎత్తలేదు, మీరు వింటూనే ఉన్నారు కదా. … రెండోది కొట్టారు. … గోనెపట్టా తీశారు. నీలం గీత మీద వేలు పెట్టి చూస్తున్నారు. ఆయన చేత్తో గీసిన గీత కదా, గుర్తుపట్టరా?

…

కూర్చున్నారు. అక్కడే, ఇంజను పక్కన. … మొహం కనబడట్లేదు, వీపు ఇటు తిప్పారు.

మాట్లాడతారా? నిజంగా? … ధైర్యానికి మెచ్చుకోవాలి మిమ్మల్ని. ఉండండి.

—ఏవండీ, అన్నయ్య మాట్లాడతారట. ఫోన్ ఇమ్మంటారా? … ఏవండీ?

…

బావగారూ, చేతులకి లప్పం అంటిందట. పట్టుకోలేరట.

స్పీకర్లో పెట్టనా? … అడుగుతాను. —ఏవండీ, స్పీకర్లో… … వద్దట. ఉలి అందివ్వమంటున్నారు. పెద్ద ఉలి.

ఎందుకో నాకేం తెలుసు. మీ తమ్ముడే కదా, మీకే బాగా తెలియాలి. … ఇంకోటి చెప్పమన్నారు. ఆ కాగితం ఎక్కడున్నా సాయంత్రంలోగా తెచ్చివ్వాలట. … కాదు, మనిషితో పంపడం కాదు. మీరే తేవాలి. తెచ్చి, కిందకి దిగి, ఆయన చేతికివ్వాలి. తెల్లబూట్లు మాత్రం వద్దండీ. ఇక్కడంతా పొడి రాలుతుంది.

వింటున్నారా? అదే ఆ చప్పుడు. ఉలి అందేదాకా ఆగలేక సుత్తితోనే మొదలుపెట్టారు.

నాలుగు కాలేదే… కింద కారు ఆగింది. వాళ్ళే. పాప అప్పుడే నిచ్చెన పట్టుకుంది.

ఏం చెప్పాలంటారా? … మీరేం చెప్పమన్నా సరే, నాకు చెప్పడం రాదు బావగారూ. సగం చదువు కదా. ఉన్నదే చెప్తాను. పెట్టేస్తున్నాను, ఉలి అందివ్వాలి, రెండు చేతులూ కావాలి—

—అమ్మా, పాపని ఎక్కించకండి, ఆగండాగండి, నేనొచ్చి చెయ్యి పట్టుకుంటాను! … అయ్యో, ఆ చప్పుడుకి భయపడకండి. మా ఆయన. … విరగ్గొట్టడం కాదమ్మా. మీరేం కొంటున్నారో విప్పి చూపిస్తున్నారు. పైకి రండి.