సగంలో ఆపేసే పాఠం

మళ్ళీ ఒక్క టిక్కే పడిందిరా దుర్గా. నిన్నటి వాయిస్ మెసేజ్‌కీ అంతే, మొన్నటిదానికీ అంతే. ఫోను ఛార్జింగ్ పెట్టుకోమని కూడా అక్కే చెప్పాలా నీకు?

తెలుసులే. ఆ దీవిలో కరెంటు లేదంట. టీవీలో చెప్పారు. పోర్టు మీద బాంబులు పడ్డాయనీ చెప్పారు. నువ్వు వెల్డింగు చేసే పోర్టు అదేనో కాదో మాత్రం ఎవడూ చెప్పడు.

నాకు ఏడుపు రావట్లేదురా. పొద్దున కాలేజీకి వెళ్ళాను, హిస్టరీ క్లాసు చెప్పాను, ఏలూరు బస్టాండులో అరటిపళ్ళు బేరమాడాను. చూడు, ఎంత బావున్నానో!

ఏం పాఠమంటావా? నీకు తెలిసిందే. వెనకటి గ్రీసులో ఏథెన్స్ వాళ్ళు ఓడలేసుకుని మెలోస్ అనే చిన్న దీవి మీదకొచ్చారు. లొంగుతారా, చస్తారా అన్నారు. మేం ఎవరి జోలికీ రాలేదు కదా, ఇది న్యాయమా అన్నారు దీవివాళ్ళు. న్యాయం సరిసమానమైన వాళ్ళ మధ్య మాట, బలమున్నవాడు చేస్తాడు, లేనివాడు పడతాడు అన్నారు ఏథెన్స్ వాళ్ళు. అయినా సరే, లొంగం అన్నారు దీవివాళ్ళు. అక్కడ ఆపేస్తాను. పిల్లలు చప్పట్లు కొడతారు. నేను ఇంట్లో పైకి చదువుకునే రోజుల్లో నువ్వూ కొట్టేవాడివి, బాగుచేస్తున్న వల పక్కన పడేసి మరీ.

ఇప్పటికీ అప్పటికీ తేడా ఏముంది చెప్పు? ఏథెన్స్ వాడు ఉన్నమాట మొహమ్మీదే అన్నాడు. ఈ పెద్దదేశం వాడు మిమ్మల్ని కాపాడ్డానికే బాంబులేస్తున్నానంటున్నాడు. ఏథెన్స్‌కి శత్రువు కదా, స్పార్టా కాపాడ్డానికి వస్తుందని మెలోస్ వాళ్ళు ఎదురుచూశారు, రాలేదు. మీ దీవికి అండగా ఉంటానన్న ఇంకో పెద్దదేశం నిన్న ఆందోళన వ్యక్తం చేసింది. అంతే!

ఆఖరిసారి ఫోన్లో ఏమన్నావు? "మా దీవి కూడా లొంగదంటక్కా" అన్నావు. మా దీవంట! కొల్లేటి లంకలో పుట్టి అక్కడికి కూలికెళ్ళినోడివి, నీ దీవి ఎప్పుడయిందిరా అది?

సాయంత్రం గుండుగొలను వెళ్ళాను, నీ పెళ్ళాం దగ్గరికి. జ్యోతి చేపల ప్యాకింగ్ నించి వచ్చి అలాగే టీవీ ముందు కూలబడింది, చేతులు కూడా కడుక్కోలేదు. ఏదో ధైర్యం చెప్పాలి కదా. నాకొచ్చింది ఆ పాఠమే, అదే చెప్పాను. అంతా విని, "తర్వాత ఆ మనుషులు ఏమయ్యారు వదినా?" అంది.

ఇన్నేళ్ళలో ఒక్క స్టూడెంటు అడగలేదురా ఆ మాట.

ఏం చెప్పను? ఆకలికి తాళలేక ఆఖర్న లొంగిపోయారనీ, లొంగాక మగాళ్ళందర్నీ చంపేశారనీ, ఆడవాళ్ళనీ పిల్లల్నీ అమ్మేశారనీ చెప్పనా దానికి? "ముందే రాజీపడిపోయారమ్మా, ఎవరికీ ఏం కాలేదు" అన్నాను. నమ్మింది. లేచి అన్నం వండింది. నేనూ తిన్నాను.

తిరిగొచ్చేటప్పుడు బస్సులోంచే కొల్లేటికోట వైపు తిరిగి పెద్దింట్లమ్మకి దణ్ణం పెట్టుకున్నాను. ఏమని మొక్కానో విన్నాక తిట్టుకో. లొంగననే వాళ్ళకి ఇన్నేళ్ళు చప్పట్లు కొట్టించిన దాన్ని కదా.

ఆ బాంబులేసేవాడే గెలవాలమ్మా అన్నాను. రేపటికల్లా గెలిచెయ్యాలి అన్నాను.