ఎలక బోండా

ఏంది సార్, అంబిక క్లాసుకు యాల రావడంలేదని నన్ను అడగతాండారా? నన్నా? మీరా?

అటెండెన్సు తగ్గిపోతాందా! పరీక్షకు కూర్చోనియ్యరా! అబ్బా, ఆ పాప మీద ఎంత ప్రేమ సార్ మీకు!

కూర్చోండి గోపాలస్వామి సార్, లేచి పోవద్దండి. స్టాఫ్ రూములో ఎవురూ లేరు. ఉన్నా నాకేం భయం? అడిగినారు కాబట్టి విని పోవల్ల.

మీది ఇన్ఫర్మేషన్ సోషియాలజీ. మాట మనుషుల్లో ఎట్ల పాకతాదో చెప్పే సబ్జెక్టు. నాది కాంప్లెక్స్ అనాలిసిస్. కంప్యూటర్ల ఎంటెక్ పిల్లోళ్ళకు ఈ ఊహా సంఖ్యల లెక్కలు యాల అని మన మదనపల్లెలో నవ్వనోళ్ళు లేరు. నా క్లాసులో సగం మందిది నిద్ర, సగం మందిది సెల్లు. ముందు బెంచీలో అంబిక ఒక్కతే, "ఇంకొక తూరి చెప్పండి మేడం" అనేది.

ఆ పాప తెచ్చిచ్చే కాగితాల మీద శెనగపిండి మరకలుండేవి. ఏంది పాపా ఇది అంటే నవ్వేసేది. పుంగనూరు బస్టాండు కాడ వాళ్ళమ్మ మునిలక్ష్మికి బోండాల బండి ఉండాదని, తెల్లారి ఆయమ్మతో కలిసి బోండాలేసి, పని ముగిసినాక ఆమైన బస్సెక్కి వస్తాదని నాకొక్కదానికే చెప్పింది. మీకు తెలీదు. మీ స్టూడెంటు గౌతమ్‌కూ తెలీదు. సరే, ఒప్పుకుంటా, తెలీకే చేసినారు.

తెలిసుంటే ఇంకొక ఆయమ్మ బండిని పట్టుకోనుంటారు. అంతే గదా?

ప్రాజెక్టు మీరిచ్చిందే కదా సార్. అబద్ధం ఎంత బిరీన పోతాది, నిజం ఎంత బిరీన పోతాది. గౌతమూ పవన్ కుమారూ పుంగనూరు పోయి, కండ్లకు అగుపించిన బండిని ఫోటో తీసుకోనొచ్చిరి. పిండి గిన్నెలో చచ్చిన ఎలక పడున్నట్టు కంప్యూటర్లో బొమ్మ చేసిరి. ఊరి వాట్సాప్ గ్రూపుల్లో వదిలిరి.

తోక బయటికి ఏలాడతాంటాది సార్ ఆ బొమ్మలో! థూ! ఎంత శ్రద్ధగా చేసినారో ఆ తోకని! నేనిచ్చిన లెక్క ఒక్కటన్నా అంత శ్రద్ధగా చేసిన మొగాలా అవి?

ఏమన్నారు? అది అబద్ధమని మల్లా అవే గ్రూపుల్లో పెట్టినారా? పెట్టినారు సార్, పెట్టలేదని నేనన్నానా? దాన్ని ఎవురూ ఇంకొకరికి పంపలేదు. మీ పిల్లోళ్ళు కనుక్కున్నదే అది కదా! బెంగళూరులో ప్రైజు వచ్చింది దానికే కదా!

సెమినార్ రోజు నన్నూ పిలిస్తిరి, "రండి మేడం, మా పిల్లోళ్ళ పని సూడండి" అని. వెనక వరసలో కూర్చున్నా. గౌతమ్ తెర మీద ఆ బొమ్మ ఏసినాడు. బండి పక్కన నిలబడుకోనుండే ఆయమ్మ ముఖం కూడా చెరపలేదు. క్లాసంతా ఛీ, యాక్ అని ఒకటే నవ్వు. ఆమైన గీతలు, చుక్కలు, యాడ మొదలై యాడిదాకా పాకిందో.

అంబిక చెయ్యెత్తింది సార్. మీరు సూడలేదు, నేను సూసినా. ముఖంలో నెత్తురు చుక్క లేదు. "డౌట్లు చివర్లో" అనె గౌతమ్. చెయ్యి దించేసింది. మీరు చప్పట్లు కొట్టే టయానికి ఆ బెంచీ ఖాళీ.

పుంగనూరులో బండ్లు తక్కువా? ఆ తెర మీద ఆయమ్మ ఈ పాప తల్లేనని నాకు తట్టనే లేదు.

పాప మల్లా రాకపోయేసరికి పుంగనూరు పోతిని. బండి తావ ఖాళీగా ఉండాది. పక్కన పూలమ్మే ఆయమ్మ చెప్పె. "ముందు కొనేది మానుకునిరి మేడం. ఆమైన నవ్వేది మొదలుపెట్టిరి. ఎలక బోండా, ఎలక బోండా అని బడికి పొయ్యే పిల్లోళ్ళు అరిసేది. నా అంగడి ముందర బండి పెట్టొద్దని ఆ ఎనక అంగడాయప్ప అనె. కుప్పంలో తమ్ముడుండాడు కదా, ఆడికి పోయిరి."

పోయిన ఆదివారం కుప్పం బస్సెక్కినా. తమ్ముడు మునెప్ప గ్రానైట్ పనికి పోతాడు. శాంతిపురం రోడ్డులో ఇల్లు, ఇంటి ముందరే బండి. అంబిక బోండాలు తిప్పతాండేది నన్ను సూసి చేతులు తుడుసుకుంటా వచ్చె.

"మేడం! ఇంత దూరం యాల వస్తిరి?"

"క్లాసుకు రా పాపా," అంటి. "అది అబద్ధమని ఆ గౌతమ్ చేతనే క్లాసంతట్లో చెప్పిస్తా."

"అబద్ధమని అందరికీ తెలుసు కదా మేడం," అనె. "తెలిసే కదా నవ్విరి."

ఇప్పుడు చెప్పండి సార్. మీ సబ్జెక్టులో దీనికేమన్నా పాఠం ఉండాదా?

బండి పక్కనుండే బెంచీ మీద కూర్చుంటి. ఆ పాపే అడిగె, "యాడిదాకా అయింది మేడం?" అని. ఆ బెంచీ మీదే పాఠం చెప్తిని. చుట్టూ గీసిన గీత మీద విలువలు తెలిస్తే సాలు, లోపల యాడేముందో తెలిసిపోతాదని చెప్తాంటే ఆ కండ్లు సూడల్ల సార్ మీరు! ఆమైన తనే అనె, "సోమవారం వస్తా మేడం" అని.

అవును సార్, అన్నది. వస్తానన్నది. మల్ల యాల రాలేదంటారా?

మునిలక్ష్మి సంబరం ఏం చెప్పేది. "మా బిడ్డకు మీరంటే పానం మేడం" అని, కాలే బోండాలు స్టీలు తట్టలో పెట్టి, టెంకాయ చట్నీ పోసి నా చేతికిచ్చె.

ఆ బొమ్మ ఎవురు చేసినారో నాకు తెలుసు కదా సార్. యాల చేసినారో కూడా తెలుసు. ఈ లోకంలో నాకంటే బాగా ఇంకెవురికి తెలుసు?

బోండా తుంచినా. తుంచి... లోపల సూసినా సార్. రవ్వంతసేపే. ఆ తోక కండ్లల్లో ఆడింది. చెయ్యి నోటికాడికి పోలేదు. మల్లా పెట్టుకున్నా, నమిలినా, "శానా బాగుండాదమ్మా" అని గెట్టిగా అన్నా, తట్టలో ఉండేదంతా తిన్నా.

తల్లి సూసింది. బిడ్డా సూసింది. ఆయమ్మ పొయ్యి తట్టు తిరుక్కునె. అంబిక నా చేతిలో తట్ట మెల్లిగా తీసుకోని, "బస్సుకు టయమైతాది మేడం" అనె.

పొయ్యేటప్పుడు దోవ పొడుగునా మిమ్మల్ని, మీ పిల్లోళ్ళను తిట్టుకుంటా పోయినా. వచ్చేటప్పుడు ఎవుర్ని తిట్టేది?

గంట కొట్టినారు, పోండి సార్. ఆ పాపను పిలిపించల్లంటే నంబరిస్తా, మీరే ఫోన్ చేసుకోండి. నేను చేస్తే ఎత్తదు.