జడ్చర్ల బస్టాండులో ఒలికిపోయిన సిగ్నల్

డానియల్ నోరు తెరిచాడంటే ఇక్బాల్ బీ హోటల్లో ప్రతివాడూ రెండో చాయ్ చెప్పినట్టే. అందుకే ఆమె ఏనాడూ అతన్ని ఆపలేదు. ఆ మంగళవారం మాత్రం అతని నోటికి తాళం వేసేవాడు ఎవడైనా ఉంటే బాగుండని ఆమెకు గట్టిగా అనిపించింది.

కారణముంది. మక్తల్‌కు అవతల, గుట్ట కింద ఆమె హోటలున్న ఊళ్లో ఫోన్ పలకదు. మాట్లాడాలంటే గుట్టెక్కి పైనున్న బండ మీద నిలబడాలి. జడ్చర్లలో కాపురముంటున్న ఆమె బిడ్డ నిషాత్‌కు తెల్లవారుజామున నొప్పులొస్తే అక్కడి దవాఖానకు తీసుకుపోయారు. పొద్దున గుట్టెక్కినప్పుడు అల్లుడు డానిష్ ఆ సంగతి చెప్పాడు. అరిగిపోయిన మోకాళ్లతో కిందికి దిగేసరికి ఇక్బాల్ బీకి కళ్లు తిరిగాయి. ఇప్పుడు పన్నెండు కావస్తోంది. కాన్పు అయిందో లేదో తెలియదు. మళ్లీ ఎక్కుదామని కొంగు దోపుకునేంతలో టవర్ సర్వే చేసే విజేందర్ బండి దిగి బల్ల మీద కూర్చున్నాడు.

ఆ టవర్ కోసం ఊరు మూడేళ్లుగా అర్జీలు పెడుతోంది. విజేందర్ రెండు ఫోన్లు, ఒక కాగితం బయటికి తీశాడు. "నా ఫోన్లు చూపెట్టింది ఒక కాడ రాస్త, ఊరోళ్లు చెప్పింది ఇంకో కాడ రాస్త. రెండూ కలవాలె. కలవకపోతే మళ్ల సర్వే అంటరు. అదెప్పుడొస్తదో నాకు ఎరుకలేదు" అన్నాడు. ఎవరడిగినా సిగ్నల్ లేదనే చెప్పాలని ఊరంతా ముందే అనుకుంది. నిజంగానే లేదు కాబట్టి అదేమంత కష్టమని ఎవరూ అనుకోలేదు.

అంతా సాఫీగానే పోయేది. చాయ్ ఊదుకుంటూ విజేందర్ ఊరికే ఉండలేక, "గిది బాగ మారుమూల జాగా. టవర్ అంటే ఏందో తెలిసినోళ్లు ఉండరేమో" అన్నాడు. డానియల్ చేతిలో గ్లాసు ఆగిపోయింది.

"తెల్వదా? సార్, నేను పదేండ్లు టవర్ల మీదనే బతికిన."

పదేళ్లు కాదు, పద్నాలుగు నెలలు. టవర్ మీద కాదు, కింద తాడు పట్టుకుని. ఆ సంగతి బల్ల మీదున్న వీరేశానికీ తెలుసు, ఇక్బాల్ బీకీ తెలుసు. వీరేశం మాత్రం నవ్వు ఆపుకుని జరిగి కూర్చున్నాడు.

"జడ్చర్ల కాడ ఓ టవర్ లేపినం సార్. ఇంజనీర్లు ముగ్గురు పైనున్నరు, ఎట్ల తిప్పినా ఫోన్ల రెండు గీతలే, మూడోది రానంటది. నేను కింది నుంచే అన్న, సార్, ఆ యాంటెన్నా డబ్బాను జర ఒక్క వేలెడు కిందికి వంచుండ్రి అని. నవ్విండ్రు. ఆఖరికి నేనే ఎక్కి వంచిన. గీతలు నిండినయి, ఫోన్ల జాగా సాలలే. ఆ తర్వాత ఏమైందో ఎరుకనా?"

"ఏమైంది మామా?" అన్నాడు వీరేశం, నిప్పులో ఉప్పు వేసినట్టు.

"ఢిల్లీ నుంచి పిలుపొచ్చింది. ఆడ స్పెక్ట్రమ్ వేలం, అంటే సిగ్నల్ పోయే గాలిని అమ్ముడన్నట్టు. మన మార్కెట్ యార్డుల పల్లికాయ పోస్తరు సూడు, గట్లనే గాలిని కుప్పలు కుప్పలుగ పోసిండ్రు. ఏడు వందల మెగాహెర్ట్జ్‌ది ఒక కుప్ప, మూడువేల ఐదు వందలది ఒక కుప్ప. పెద్ద పెద్ద కంపెనీలోళ్లు పాట పాడుతున్నరు. ఏ కుప్పల తేమ ఉన్నదో నన్ను సూడుమన్నరు. చేత్తోని తీసి సూసి చెప్పిన. ఏడు వందలది మొద్దు సరుకు సార్, నడక తక్కువ గని గోడలల్లకెల్లి దూరిపోతది. మూడువేల ఐదు వందలది సన్నది, ఉరుకుడు ఎక్కువ, చెట్టు అడ్డమొస్తే ఆడనే కూలబడతది."

విజేందర్ కాగితం మీంచి తల ఎత్తాడు. ఆ ఒక్క ముక్క మాత్రం నిజం. ఎక్కడో విన్నది డానియల్ గట్టిగానే గుర్తుపెట్టుకున్నాడు.

"పాట అయిపోయినంక, డానియల్ మంచిగ కష్టపడ్డడు, మిగిలింది ఊడ్చుకపోనీయుండ్రి అన్నరు. రెండు గోనె సంచులు నింపిన. రైలు దిగి జడ్చర్ల బస్టాండుల బస్సు మారుతుంటే సన్నది ఉన్న సంచి కుట్టు ఊడింది. సగం ఆడనే ఒలికింది సార్! అందుకే సూడు, ఇయ్యాలటికి ఆ బస్టాండుల ఫోన్ల బొమ్మ ఆగకుండ నడుస్తది. కండక్టర్ ఏమో సంచులకు టికెట్ తీసుకొమ్మంటడు. గాలికి టికెట్ ఏందిరా అన్న. గంతల డ్రైవర్ ఫోన్ల మెసేజ్ వచ్చింది. వాళ్ల ఇంటామె ఇంకా పంపనే లేదు, వచ్చింది!"

వీరేశం బల్ల చరిచి నవ్వాడు. ఇక్బాల్ బీ గుట్ట వైపు చూసింది. నవ్వు రాలేదు. ఈ కథ ఎంత దూరం పోతుందో అని ఒక పక్క, తన బిడ్డ అక్కడ ఎట్లా ఉందో అని ఇంకో పక్క ఆమెకు భయం.

"మిగిలింది తెచ్చి మా ఊళ్లె చల్లిన. ఇగ సూడు! వీరేశం డబ్బా ఫోన్ల బొమ్మలొచ్చినయి. చార్జింగ్ లేక చచ్చిన ఫోన్లు మోగినయి. హలో అనకముందే అటుకెళ్లి ఉంట మరి అన్నరు, మాట్లాడుడు ఎప్పుడో అయిపోయింది! గుట్టెక్కితే మా ఫోన్లకు కర్ణాటకకు స్వాగతం అని వస్తుండె గదా, అది ఎనక్కి తిరిగి రాయచూరోళ్లందరికీ తెలంగాణకు స్వాగతం అని పోయింది. మీదున్న ఉపగ్రహం కూడ ఈడికొస్తే జర జరిగి పోతది, తగుల్తదని."

"ఇప్పుడు కూడ ఉన్నదా ఆ సిగ్నల్?" అడిగాడు విజేందర్.

"ఉన్నదా అంటవేంది సార్? నువ్వు కూసున్న బల్ల కిందనే ఉన్నది!"

విజేందర్ పెన్ను మూత తీశాడు. వీరేశం నవ్వు ఆగిపోయింది.

"ఏం రాస్తున్నవ్ బిడ్డా?" అంది ఇక్బాల్ బీ.

"ఊరోళ్లు ఏం చెప్తే అదే రాయాలమ్మా. ఉన్నదంటున్నడు గద పెద్దమనిషి."

ఆమె స్టవ్ కట్టేసింది. చేతులు తుడుచుకుని, రొమ్ము దగ్గర దాచుకున్న ఫోన్ తీసి డానియల్ చేతిలో పెట్టింది.

"తమ్మీ, కథ మంచిగున్నది. గంత సిగ్నలున్నది గద, నా అల్లునికి కలుపు. నా బిడ్డ కాన్పు అయిందో లేదో అడిగి చెప్పు. ఇంకోపారి గుట్టెక్కే తాకత్ నాకు లేదు."

డానియల్ ఫోన్ నొక్కాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. చూశాడు, మళ్లీ నొక్కాడు. లేచి నిలబడి చెయ్యి పైకెత్తాడు.

"పిలగాడు ఎత్తుతలేడేమో అక్కా..."

"ఎత్తేతందుకు ఫోన్ పోవాలె గద."

"నిషాత్‌కు నొప్పులొచ్చినయా? పొద్దున్నే ఎందుకు చెప్పకపోతివి?"

"నువ్వు ఊపిరి తీసుకునేతందుకు ఆగితే గద నేను చెప్పేది!"

డానియల్ ముఖం పాలిపోయింది. నిషాత్‌ను చిన్నప్పుడు భుజం మీద కూర్చోబెట్టుకుని తిప్పినవాడు. సిగ్గుతో ఆ పలకని ఫోన్‌ను గుప్పిట్లో బిగించాడు. తర్వాత విజేందర్ వైపు తిరిగాడు.

"రాసుకో సార్. లేదు. ఒక్క గీత కూడ లేదు."

"మరి సంచులు?"

"సంచులు లేవు, ఏం లేవు. ఢిల్లీ నేను సూడనేలే." పన్ను పీకించుకున్నవాడిలా ఆ మాట అని, ఫోన్ పట్టుకుని గుట్ట వైపు నడిచాడు. కొంతదూరం నడిచి, ఆ తర్వాత పరుగెత్తాడు.

విజేందర్ అటే చూస్తూ సిగ్నల్ లేదని రాశాడు. వీరేశం ఆ కాగితం చదివి వినిపిస్తే తప్ప ఇక్బాల్ బీ విజేందర్‌ను లేవనివ్వలేదు. చివర డానియల్ పేరు సాక్షిగా ఉంది. ఆమె బల్ల మీద కూలబడి, మోకాళ్లు పట్టుకుని గుట్టనే చూస్తూ ఉండిపోయింది. బండ మీదికి చేరిన మనిషి బొటనవేలంత కనిపించాడు. కాసేపు కదల్లేదు. తర్వాత రెండు చేతులూ ఎత్తి ఎగురుతూ కేకేశాడు.

"అక్కా! ఆడపిల్ల! నిషాత్ మంచిగున్నది! పిల్ల ఐదు కిలోలట! పుట్టంగనే నవ్విందట!"

వీరేశం అనుమానంగా చూశాడు. "నమ్మొచ్చునా చిన్నమ్మా?"

ఇక్బాల్ బీ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. స్టవ్ వెలిగించి పాలు పెట్టింది.

"ఆడపిల్ల నిజమే, నిషాత్ మంచిగున్నదీ నిజమే. ఐదంటే మూడుంటది. నవ్వేది ఏడికెల్లి బిడ్డా, ఏడ్చి ఉంటది."