గొళ్ళెం లేని తలుపు

కుడతినిలో కన్యాస్త్రీల చిన్న ఆసుపత్రిని మూసేయాలని బళ్ళారి నుంచి వాళ్ళ మఠం పెద్ద మదర్ తాళం పట్టుకొని వచ్చింది. ముసలి సిస్టర్ ఒక కూలామె కాలిపుండుకు కట్టు కడతా ఉంది.

"సామాన్లు సర్దుకోండి సిస్టర్. మన బళ్ళారి బడికి మనుషులు చాల్లేదు."

"మూయండి మదర్. తాళం యాడ ఏస్తారు?"

మదర్ తలుపు వైపు చూసింది. గొళ్ళెమే లేదు.

"కలరా వచ్చిన ఏడు ఊరంతా తలుపులేసుకుంటే, మన కన్యాస్త్రీల సభను పెట్టిన తల్లి తన తలుపు గొళ్ళెం పీకి పారేసింది. ఆపొద్దు నుంచి మన ఇండ్లకు గొళ్ళెం లేదు."

"పెద్దల మాట వింటానని ప్రమాణం చేసినారు మీరు."

"చేసినా. ఆ తల్లి మాటే వింటాండా, కదల్ను. మీ బళ్ళారి మఠానికి గొళ్ళెం ఎప్పుడు పెట్టించినారు మదర్?"

మదర్ చెయ్యి తన నడుముకున్న తాళాల గుత్తిని కప్పేసింది.