ఎడమకు వాలిన ఆకులు

సీతాఫల్‌మండి. ఆదివారం పొద్దున. ముందు గదిలో బ్రహ్మచారి, ఆయన భార్య సుమిత్ర.

"గిట్ల రా సుమిత్రా. భూతద్దం పట్టుకో. ఈ గింజ చూడు."

"చూసిన. మంచిగుంది. ఛాయ్ చల్లారుతున్నది, తాగుండ్రి."

"ఛాయ్ ఉండనీ. ఏం కనబడుతుందో చెప్పు."

"ఏముంటది? చింతగింజ మీద మీరు ఎప్పుడూ గీసే తోటనే. జామచెట్టు, బాయి, బంతిపూలు. పదకొండు గంటలకు విజయేందర్ వస్తడు, సైనిక్‌పురి ఎగ్జిబిషన్‌కు గింజలన్నీ తీస్కపోనీకి. జెర డబ్బాల సదరనియ్యుండ్రి."

"ఇది ఎవరు గీసిండ్రు?"

"ఏందీ ప్రశ్న? మీరే."

"ఎప్పుడు?"

"నిన్న మధ్యాహ్నం. రెండు గంటలు కదలకుండ కూసున్నరు గద. నేను చూస్తనే ఉన్న."

"కూసున్న. గని కుంచెకు రంగు అంటియ్యలే. ఉత్త నీళ్ళు. ఉత్త నీళ్ళతోని రెండు గంటలు గింజ మీద కుంచె ఆడిచ్చి, డబ్బాల పెట్టి, హోటల్‌కు పోయి ఛాయ్ తాగొచ్చిన. వచ్చి చూస్తే తోట మొలిచింది!"

"మీకు యాదికి లేదేమో. ఈ నడుమ మీరు..."

"నా చెయ్యి వణుకుతుంది. మతి వణుకుతలేదు."

"మెల్లగ మాట్లాడుండ్రి. పక్కింటోళ్ళు వింటరు."

"విననీ! ఎన్ని దినాల సంది?"

"ఏది?"

"ఏది అనకు. ఎన్ని దినాల సంది నా గింజలు తుడిచి నువ్వు గీస్తున్నవ్?"

"తుడవలే. మీరు గీసిందే... కొంచెం సరిజేసిన. గంతే. అక్కడక్కడ ఆకులు జెర..."

"ఎన్ని దినాలు?"

"దసరా సంది."

"దసరా సంది! ఇగో, రేపో మాపో ఉగాది. డాక్టర్ ఇగ ఈ చెయ్యి గింతే అన్నడు. నేను నవ్వుకున్న. డాక్టర్‌కేం ఎర్క, గింజ పట్టుకుంటే నా చెయ్యి నా మాట వింటది అనుకున్న. పొద్దుగాల లేచి దేవునికి దండం పెట్టుకున్న. నువ్వు పక్కన నిలబడి, 'ఎంత మంచిగొచ్చిందో' అన్నవ్. అన్నవా, లేదా?"

"అన్న."

"నమ్మించి గొంతు కోసినవ్."

"మరి నన్నేం చేయమంటరు? దసరా నాడు రంగంత ముద్దయిందని డబ్బా ఇసిరికొట్టిండ్రు. మూడు దినాలు అన్నం ముట్టలే. నాలుగోనాడు మీరు ఛాయ్‌కు పోయినప్పుడు ఒక్కటంటే ఒక్క గింజ సరిజేసి పెట్టిన. మీరు వచ్చి చూసుకున్నరు. రెండు రొట్టెలు తిన్నరు. ఇంకోటి ఉందా అని అడిగిండ్రు. ఇగ నాకు ఆపబుద్ధి కాలే. నిన్న గింజ ఉత్తగ కనబడితే సుత, మీ చేతికి రాలేదనుకొని నేనే గీసిన."

"రొట్టె తినిపియ్యనీకి చేసినవా? దుకాణాల బోర్డులు రాసి రాసి అరిగిన చెయ్యి ఇది. ఫ్లెక్సీలొచ్చినయ్, బోర్డులు పోయినయ్. ఈ గింజలు మిగిలినయ్. ఇవి సుత నావి కాకపోతే నాకేం మిగిలింది? నువ్వే చెప్పు."

"గట్ల అనకుండ్రి."

"నాకెట్ల తెలిసిందో అడగవా?"

"ఎట్ల?"

"ఆకులు. నాది కుడిచెయ్యి, నా ఆకులన్నీ కుడికి వాల్తయ్. నీది ఎడమచెయ్యి వాటం. మొన్న ఎగ్జిబిషన్‌కు ఏరుతుంటే, ఒక్కొక్కటి భూతద్దం కింద పెట్టిన. అన్నీ ఎడమకే! నా కండ్లను నేను నమ్మలే. అందుకే నిన్న నీళ్ళతోని గీసి చూసిన. ఇంటిదొంగను ఈశ్వరుడు సుత పట్టలేడంటరు. నేను పట్టిన."

"దొంగనా నేను?"

"కాదా? ఒకరి పనిల చెయ్యి పెట్టి, చెప్పకుండ కడుపుల దాచుకుంటే ఏమంటరు?"

"మీరే చెప్పుండ్రి, ఏమంటరో."

"ద్రోహం అంటరు. విజయేందర్‌కు ఫోన్ చెయ్. రావొద్దని చెప్పు. నా పేరు మీద నాది కాని గింజ ఒక్కటి సుత గడప దాటొద్దు."

"ఒక్కటి సుత?"

"ఒక్కటి సుత! నేను గొప్పోన్ని కాకపోవచ్చు. గని ఒకరు గీసింది నాదని ఏనాడు చెప్పుకోలే."

"మంచిది. నేనొకటి అడుగుతా. పెండ్లయిన కొత్తల మీకు ఒక గింజ గీసిచ్చిన. యాదుందా?"

"ఏ గింజ?"

"పచ్చీసు ఆడనీకి ఒక పక్క అరగదీసిన చింతగింజ. దాని మీద మా అమ్మోళ్ళ పెరడు గీసిన. జామచెట్టు, బాయి, బంతిపూలు. గింజ మీద బొమ్మ గీస్తరని మీరు చూసుడు అదే మొదలు."

"ఆ... ఉండె. అది పోయింది గద. ఇల్లు మారినప్పుడు యాడనో పడిపోయింది. అప్పుడే చెప్పిన నీకు."

"అవు. గట్లనే చెప్పిండ్రు."

"ఇప్పుడు అదెందుకు? మాట మార్చకు."

"మారుస్తలేను. మరి మీరు గీసిన మొదటి గింజ యాడుంది?"

"తెల్వనట్టు అడుగుతవేంది? గోడ మీద, అద్దాల పెట్టెల. మొదటి బహుమతి వచ్చింది దానికే గద. పేపర్ల ఫొటో సుత వేసిండ్రు. పోయి చూడు, నా చెయ్యి ఎట్లుండెనో అప్పుడు తెలుస్తది!"

"గోడకెక్కిన సంది రోజూ ఆ పెట్టె దుమ్ము తుడిచేది నేనే. చూడకుంటనా?"

"మరింకేంది?"

"ఏం లేదు. విజయేందర్‌కు ఫోన్ చేస్త, రావొద్దనే చెప్త. అంతకుముందు ఆ పెట్టె కిందికి దించుండ్రి."

"అది... అదెందుకు ఇప్పుడు? ఛాయ్ ఇటియ్యి. చల్లారిందా?"

"ఛాయ్ ఉండనియ్యుండ్రి. ఇగో, భూతద్దం పట్టుకోండ్రి. ఆ గింజ మీద ఆకులు ఎటు వాలినయో మీ నోటితోనే చెప్పుండ్రి."